గూడేన్ని ఎవరు అడగాలి? ఎలా అడగాలి?

సింగరేణి కోల్‌బెల్ట్‌లో ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అనే మాట వినని ఊరు లేదు. కొత్త ఓపెన్‌కాస్ట్ వస్తుందంటే షామియానా వేస్తారు, మైకు పెడతారు. ఊరివాళ్లు మాట్లాడతారు, అధికారులు రాసుకుంటారు. జనం ఓటు వేసి తేల్చే రెఫరెండాన్ని కూడా మనం ఇదే పేరుతో పిలుస్తాం. కానీ ఆ రెండూ ఒకటి కావు. గ్రామసభ తీర్మానం మూడోది. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భూగర్భ సర్వే అధికారి కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1960 ప్రాంతంలో గనులు రామగుండం, గోదావరిఖనికి వచ్చాయి. అప్పటికే కోయ, గోండు గూడేల్లో పెద్దలు కూర్చొని మాట తేల్చే పద్ధతి ఉంది. భూమి తీసుకునే ముందు ఆ సభను అడగాలని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

1997లో గనుల వంటి ప్రాజెక్టులకు బహిరంగ విచారణ తప్పనిసరి అయింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. పత్రికలు రాని చోట డప్పు చాటింపు వేయాలి. అయితే ఈ విచారణకు కోరం లేదు, ఓటింగూ లేదు. పదిమంది వచ్చినా జరుగుతుంది. వందమంది వద్దన్నా అది అభిప్రాయంగానే నమోదవుతుంది.

గ్రామసభ బలం వేరు. 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలన్నది. ఆ ‘నో’ దగ్గరే మనకు దెబ్బ తగిలింది. 1998 రాష్ట్ర చట్టం ఆ అధికారాన్ని మండల పరిషత్‌కు ఇచ్చింది. చిన్న ఖనిజాలకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు తప్పనిసరి, కానీ బొగ్గు పెద్ద ఖనిజం. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ‘ముందస్తు సమ్మతి’ అని రాసినా, బొగ్గు భూముల కోసం ఉన్న 1957 చట్టాన్ని పక్కన ఉంచింది. 1997 నాటి సమత తీర్పు ప్రైవేటు కంపెనీలను ఆపింది గానీ ప్రభుత్వ సంస్థలను ఆపలేదు.

అడవి విషయంలో మన చేతిలో గట్టి ఆధారం ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాల ప్రకారం గ్రామసభకు సగం మంది హాజరు కావాలి. వచ్చినవారిలో మూడోవంతు మహిళలు ఉండాలి.

ఈ చట్టం బలం ఒడిశాలోని నియమగిరిలో కనబడింది. బాక్సైట్ గని విషయంలో గ్రామసభలే తమ హక్కులను పరిశీలించి చెప్పాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జూలై, ఆగస్టుల్లో జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వారి పొరుగువారు పన్నెండింటిలోనూ వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. కానీ కొండ చుట్టూ ఎన్నో ఊళ్లున్నా ఆ పన్నెండింటిని ఎంచింది రాష్ట్ర ప్రభుత్వమే. సభ ఎక్కడ పెట్టాలో తేల్చేవాడి చేతిలో సగం ఫలితం ఉంటుంది.

కోల్‌బెల్ట్‌లో ఇంకో చిక్కుంది. గని వస్తే ఊరు పట్టణమవుతుంది, పట్టణమైతే మున్సిపాలిటీ అవుతుంది. మున్సిపాలిటీలో గ్రామసభ ఉండదు. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయనిదే రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదని 243 జెడ్‌సీ అధికరణ చెబుతోంది. ఈ వివాదంతోనే 2020లో రాష్ట్రమంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినా మందమర్రి, మణుగూరు, పాల్వంచల్లో జరగలేదు. అప్పుడు అక్కడి ఆదివాసీకి అటు గ్రామసభా లేకపోయింది, ఇటు కౌన్సిలరూ లేకపోయాడు.

అందుకే మన టీచర్లు, చదువుకున్న యువత సభ ఏదైనా నాలుగు ప్రశ్నలు అడగడం నేర్పాలి. ఇది ఏ చట్టం కింద జరుగుతోంది? నోటీసు ఎప్పుడు ఇచ్చారు? కోరం ఎంత, వచ్చింది ఎంతమంది? తీర్మానాన్ని మన భాషలో చదివి వినిపించారా? జవాబు రాకముందు రిజిస్టరులో సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టవద్దు. హాజరు కోసం పెట్టిన సంతకమే రేపు సమ్మతిగా మన ముందుకు రావచ్చు.