కరెంటు చంపని గ్రామఫోను

కీ ఇచ్చి ఆడించే గ్రామఫోను చరిత్ర సాధారణంగా ఒకే క్రమంలో చెప్పబడుతూ వచ్చింది: 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్, పదేళ్లకు బెర్లినర్ పళ్లెం రికార్డు, 1902లో కలకత్తాలో రికార్డింగు నిపుణుడు గైస్‌బర్గ్ చేసిన గాయని గౌహర్‌జాన్ రికార్డింగులు, 1908లో అక్కడే సియాల్దాలో రికార్డుల కర్మాగారం, చివరకు 1925లో విద్యుత్ రికార్డింగుతో స్ప్రింగు యంత్రానికి కాలం చెల్లడం. తొలి ఘట్టాలపై పేచీ లేదు గాని, చివరి మాట మాత్రం పరిశీలనకు నిలవదు.

1925లో మారింది రికార్డు చేసే పద్ధతి. వినేవారి ఇంట కరెంటు ఉండి తీరాలన్న నియమమేదీ అప్పుడు రాలేదు. పైగా మైక్రోఫోను పట్టుకున్న మంద్ర, తార స్వరాలను రాబట్టేందుకు బెల్ సంస్థ ఇంజనీర్లు మాక్స్‌ఫీల్డ్, హారిసన్‌లు విద్యుత్ వలయాల గణితాన్ని శబ్దమార్గానికి అన్వయించి, మడతలు పడిన పొడవైన బాకాను పెట్టె లోపలే అమర్చే విధానం రూపొందించగా, విక్టర్ కంపెనీ ఆ ఏడాదే దాన్ని ఆర్థోఫోనిక్ విక్ట్రోలా పేరుతో బజారుకు తెచ్చింది. కాబట్టి స్ప్రింగు యంత్రాల్లో మేలైనవి విద్యుత్ రికార్డింగు పుణ్యమా అని పుట్టినవే. 1931లో వచ్చిన హెచ్.ఎం.వి. 102 అనే చేతిపెట్టె కూడా, మంద్ర స్వరాల్లో కొంత పలచనైనా, ఈ కోవకే చెందుతుంది.

భారతదేశంలో ఈ యంత్రం ఇంకా చాలాకాలం బతికింది. 1947 నాటికి విద్యుత్తు అందిన గ్రామాలు దేశం మొత్తంలో సుమారు 1,500. మరుసటి ఏడాది అమెరికాలో వచ్చిన ఎల్.పి. రికార్డుకు కరెంటు యంత్రం తప్పనిసరి కావడంతో, లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు కలకత్తా శివారు డమ్‌డమ్ కర్మాగారంలో 1960ల్లోనూ తయారవుతూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ ఆ రూపంలో వెలువడ్డాయి. కరెంటు లేమి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. పౌరాణిక నాటక పద్యాల రికార్డులు అప్పటికే తెలుగు ఇళ్లలో పోగుపడి ఉండగా, ఒక వైపు మూడు నిమిషాలు పలికే ఆ పళ్లేలను వదులుకోవడానికి ఎవరికి తొందర? అయినా కరెంటు లేమిని తీసివేస్తే మిగిలిన కారణాలు ఇంత దీర్ఘాయువును వివరించలేవు.

ఈ చరిత్రకు అసలు సాక్షులు ఆ చేతిపెట్టెలే కాగా, నేటి సేకరణ మోజు మాత్రం ఇత్తడి బాకా చుట్టూ తిరుగుతోంది. పాతబజార్లలో పురాతన వస్తువులుగా అమ్ముడుపోయే మెరుపు బాకాల యంత్రాల్లో చాలావాటికి కొత్త చెక్కపెట్టె, అతికించిన హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ, పాత చేతిపెట్టె నుంచి ఊడదీసిన మోటారు ఉంటాయి. ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండుబాక్సును మోసే గొట్టం వంకరగా అమరడంతో ముల్లు రికార్డు గాడిని కోసేస్తుంది. దీన్ని పునరుద్ధరణ అనడం కష్టం. తెలిసిన పనివాడు స్ప్రింగు డబ్బాలో గట్టిపడిన గ్రీజును కడిగి, గ్రాఫైటు కలిపిన కొత్త గ్రీజు పట్టించి, వేగాన్ని అదుపుచేసే గవర్నరుకున్న మూడు గుండ్లు సమంగా తిరుగుతున్నాయో లేదో చూసి, సౌండుబాక్సులో బిరుసెక్కిన రబ్బరు చుట్లను మారుస్తాడు. పెట్టె పైపూత జోలికి పోడు. ఆ కాలపు సౌండుబాక్సులు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసినవి కావడం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి పగులుతాయి. వాటిని అతికించి లాభం లేదు, అదే నమూనా మరో యంత్రం నుంచి తీసి వేయాలి. బాకా బొమ్మ కోసం విప్పేసిన ప్రతి చేతిపెట్టెతోనూ ఆ విడిభాగాల నిల్వ తరిగిపోతోంది.