బరువెత్తకూడదన్న చెయ్యి

మన ఇళ్ళలో ఎవరికైనా కేన్సర్ అని తెలిస్తే మొదట జరిగేది ఆ మనిషిని మంచానికి అప్పజెప్పడం. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందిస్తాం. "నువ్వు లేవకమ్మా, మేం లేమూ?" అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ మాటకొస్తే నిన్నమొన్నటి దాకా చాలామంది డాక్టర్లూ ఇంచుమించు ఇదే చెప్పేవారు. ఆ సలహా ఎలా మారిందన్నది ఒక చిన్న చరిత్ర. అందులో రొమ్ము కేన్సర్‌ది పెద్ద భాగం కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ 1894లో తన ఆపరేషన్ వివరాలు ప్రచురించాడు. రొమ్ముతోపాటు దాని కిందున్న ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫ్ గ్రంథులనూ కలిపి తీసెయ్యడం ఆ పద్ధతి. దాన్ని రాడికల్ మాస్టెక్టమీ అన్నారు. తరవాత దాదాపు ఎనభై ఏళ్ళు అమెరికాలో అదే ప్రమాణం. ప్రాణం దక్కినవాళ్ళలో చాలామందికి భుజం బిగుసుకుపోయేది, చెయ్యి వాచేది. జాకెట్టులోకి చెయ్యి దూర్చడం, జడ వేసుకోవడం, పై అరలోని పోపులడబ్బా అందుకోవడం లాంటివి ఇక కష్టమే.

చెయ్యి ఎందుకు వాస్తుందో ఒక్క ముక్కలో చెప్పుకుందాం. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. లింఫ్ అనే ద్రవానికి అలాంటి పంపు లేదు. దాని నాళాలు తమంతట తాము కొంత ముడుచుకుంటాయి, చుట్టూ ఉన్న కండరాలు కదిలినప్పుడు ఆ ఒత్తిడికి మరికొంత ముందుకు వెళుతుంది. చంకలో గ్రంథులు తీసేసినా, రేడియేషన్‌తో దెబ్బతిన్నా దారి ఇరుకవుతుంది, ద్రవం వెనక్కి నిలుస్తుంది. దీన్ని లింఫెడీమా అంటారు. ఇరుకు దారిలోకి మరింత ద్రవాన్ని పంపకూడదు కాబట్టి ఆ చేతిని కష్టపెట్టకూడదని డాక్టర్లు అనుకున్నారు. చూడ్డానికి సబబైన తర్కమే, పరీక్షించి చూసిందే ఆలస్యం.

1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడకి ఈ ఆపరేషన్ అయింది. (ఆదాయపు పన్ను పుస్తకాల మీద కనిపించే జె.కె. లాసర్ ఈవిడ భర్త. ఏటా ఏప్రిల్‌లో ఆ పేరు చూసిన తెలుగువాళ్ళు మనలో చాలామందే ఉంటారు.) ఇంటికెళ్ళాక ఏం చెయ్యాలో, చేతిని ఎలా కదపాలో ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. తనే నేర్చుకుని, ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ దగ్గరికి ఆసుపత్రులకు వెళ్ళడం మొదలుపెట్టింది. చేతి సంచిలో ఒక రబ్బరు బంతి, ఒక తాడు, తాత్కాలికంగా జాకెట్టులో పెట్టుకోవడానికి ఒక మెత్త. బంతి పిసకడానికి, తాడు చెయ్యి పైకి లాగడానికి. డాక్టర్లలో కొందరికి ఇది నచ్చలేదు, తమ రోగులకి బయటి మనిషి సలహాలేమిటని. ఆవిడ ఆగలేదు. 'రీచ్ టు రికవరీ' అన్న ఆ కార్యక్రమాన్ని 1969లో అమెరికన్ కేన్సర్ సొసైటీ తనలో కలుపుకుంది. ఫిజికల్ థెరపిస్టు డిగ్రీ లేని ఒక గృహిణి ఒక చేతి సంచి సామానుతో చేసిన పని ఇది అంటే నాకు గౌరవం పెరుగుతుంది.

ఆపరేషన్ కూడా చిన్నదయింది. బెర్నార్డ్ ఫిషర్ 1971లో మొదలుపెట్టిన పరీక్షల్లో, కండరాలు తీసెయ్యకపోయినా ఆయుష్షులో తేడా లేదని తేలింది. 1989లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నర్సులు మాక్‌వికర్, విన్నింగ్‌హామ్ కీమోథెరపీ జరుగుతున్న ఆడవాళ్ళ చేత వారానికి మూడుసార్లు, పది వారాలు సైకిలు యంత్రం తొక్కించి, వాళ్ళ శక్తి తగ్గకపోగా పెరిగిందని చూపించారు.

అయినా చేతి మీది నిషేధం పోలేదు. 1996లో వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే స్పోర్ట్స్ డాక్టరు రొమ్ము కేన్సర్ నుంచి బయటపడ్డ 24 మందిని డ్రాగన్ పడవ ఎక్కించాడు. తెడ్డు వెయ్యడమంటే భుజాన్ని, చేతిని వందలసార్లు లాగడం, అంటే వద్దన్న పని సరిగ్గా అదే. ఆ సీజన్‌లో ఎవరికీ కొత్తగా లింఫెడీమా రాలేదు. ఇప్పుడు అనేక దేశాల్లో ఇలాంటి జట్లున్నాయి.

24 మంది సాక్ష్యం చాలదనేవాళ్ళకి 2009లో జవాబొచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కాథరిన్ ష్మిట్జ్ ఇప్పటికే చెయ్యి వాచిన 141 మందిని రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు వారానికి రెండుసార్లు బరువులెత్తింది. తేలికైన బరువుతో మొదలు, కొద్దికొద్దిగా పెంపు, చేతికి బిగుతు స్లీవ్, మొదటి 13 వారాలు పక్కన శిక్షకులు. ఏడాది తరవాత వాపులో తేడా లేదు. పైగా వాపు ఉన్నట్టుండి ముదరడం బరువులెత్తినవాళ్ళలో 14 శాతం మందికి, ఎత్తనివాళ్ళలో 29 శాతం మందికి జరిగింది.

2025లో వచ్చిన మరో ఫలితం ఇంకా పెద్దది. పెద్దపేగు కేన్సర్‌కి ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో మూడేళ్ళు పద్ధతిగా వ్యాయామం చేయించిన జట్టులో ఎనిమిదేళ్ళకి 90 శాతం బతికున్నారు, రెండో జట్టులో 83 శాతం. అది ఆ కేన్సర్‌కి, చికిత్స ముగిశాక చేసిన పరీక్ష. అన్నిటికీ అంటగట్టకూడదు.

ఎముకల్లోకి కేన్సర్ పాకినవాళ్ళు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్ళు తోచినట్టు బరువులెత్తితే ప్రమాదం. అందుకే ఈ పని తెలిసిన ఫిజికల్ థెరపిస్టు కావాలి. అమెరికాలో ఆంకాలజీలో ప్రత్యేక అర్హత పొందిన మొదటి ఫిజికల్ థెరపిస్టులు 2019లో వచ్చారు. ఇంకా అన్ని ఊళ్ళలో లేరు. లేనిచోట లింఫెడీమా థెరపిస్టు ఎవరైనా ఉన్నారేమో అడగాలి. వీలైతే ఆపరేషన్‌కి ముందే ఒకసారి కలిసి రెండు చేతుల చుట్టుకొలతలు రాయించుకుంటే, తరవాత వాపు మొదలైందో లేదో పోల్చి చూడడానికి లెక్క ఉంటుంది.