కోర్టుకెక్కిన పౌడర్ డబ్బా

1997లో టెక్సాస్‌కు చెందిన ఒకావిడ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మీద కేసు వేసింది. ఆవిడకు మీసోథెలియోమా. ఊపిరితిత్తులను అంటిపెట్టుకుని ఉండే పలచటి పొరకు పట్టే క్యాన్సర్ అది. ఆస్బెస్టాస్, అంటే రాతినార, పీల్చినవాళ్లకే ఎక్కువగా వస్తుంది. పీల్చిన ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి యాభై ఏళ్లకు బయటపడుతుంది. ఓడలు కట్టే యార్డుల్లో, బాయిలర్ల దగ్గర, గనుల్లో ఒళ్లొంచినవాళ్ల జబ్బుగా దానికి పేరు. ఆవిడ అలాంటి చోట ఎక్కడా పనిచేయలేదు. మరి రాతినార ఒంట్లోకి ఎలా చేరింది? లాయరు గుచ్చి గుచ్చి అడగ్గా చివరికి మిగిలింది ఒక్కటే: పిల్లలకు పూసి, జీవితమంతా తనూ పూసుకున్న బేబీ పౌడర్.

మా పౌడర్లో రాతినార లేదు, ఏనాడూ లేదు అంది కంపెనీ. పరీక్షల కాగితాలు చూపించమని లాయరు అడిగితే వాళ్లు ఇవ్వలేదు. చేతిలో ఆధారం లేక 1999లో ఆవిడ కేసు వదులుకుంది. 2009లో చనిపోయింది. జబ్బు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలన్నదే ఆవిడ పట్టుదల. అది తీరనేలేదు. ఆవిడ కేసు వదులుకున్నాక కాగితాలున్న బీరువా తెరుచుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ పౌడర్ పుట్టిందే ఒక ఫిర్యాదుతో. 1890ల మొదట్లో జాన్సన్ కంపెనీ మందు పూసిన పట్టీలు అమ్మేది. ఆ పట్టీ వేస్తే రోగి చర్మం మండుతోందని ఒక డాక్టరు ఉత్తరం రాశాడు. కంపెనీలో సైన్సు వ్యవహారాలు చూసే ఫ్రెడ్ కిల్మర్ ఆయనకు ఇటలీ నుంచి తెప్పించిన టాల్కు డబ్బా ఒకటి పంపి, పట్టీ తీశాక ఇది చల్లమన్నాడు. ఆ తర్వాత పట్టీలతో పాటే చిన్న డబ్బాలు పెట్టి ఇవ్వసాగారు. బిడ్డల తొడల సందుల్లో ఒరిపిడికి ఇది బాగా పనిచేస్తోందని కనిపెట్టింది తల్లులే. 1894కల్లా బేబీ పౌడర్ విడిగా అంగట్లోకి వచ్చింది. వందేళ్లలో అది ఎంత ఇంటి వస్తువైపోయిందంటే, మన ఊళ్లలో బాలింతను చూడబోతే చేతిలో పట్టుకెళ్లే పెట్టెలో సబ్బు పక్కన పౌడర్ డబ్బా లేకపోతే వెలితిగా ఉండేది.

ఇక్కడ రాయి సంగతి కాస్త చెప్పుకోవాలి, గొడవంతా రాతిలోనే ఉంది కనుక. టాల్కు ఒక ఖనిజం. ఖనిజాల్లోకెల్లా మెత్తనిది, గోటితో గీరితే రాలుతుంది. మన బలపం దాని వరసదే. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న రాళ్లలోకి భూగర్భంలోని వేడి ద్రవాలు సిలికాను మోసుకెళ్తే, వేల లక్షల ఏళ్లకు ఆ రాయి టాల్కుగా మారుతుంది. వేడి, ఒత్తిడి, మూలకాల పాళ్లు కొంచెం అటూ ఇటూ అయితే అదే చోట ట్రెమొలైట్, ఆంథోఫిలైట్, క్రైసొటైల్ పుడతాయి. ఇవి పోగులు పోగులుగా పెరిగితే రాతినారే. ఉదాహరణ కోసం సముద్రాలు దాటక్కర్లేదు. కడప బేసిన్‌లో వేంపల్లె సున్నపురాళ్ల పొరలోకి భూగర్భ శిలాద్రవం చొచ్చుకుపోయిన చోట్ల బేతంచెర్ల వైపు బలపం రాయి దొరికితే, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో రాతినార తవ్వారు. టాల్కు ఉన్న ప్రతి గనిలోనూ నార ఉంటుందని కాదు. కానీ ఉందో లేదో చూడకుండా లేదనడానికి వీల్లేని రాయి అది.

జాన్సన్ కంపెనీ మొదట ఇటలీ గనుల టాల్కు, 1960ల నుంచి అమెరికాలోని వెర్మాంట్ గనుల టాల్కు, 2000ల తర్వాత చైనా టాల్కు వాడింది. ఇటలీ రాయిలో పోగుల్లాంటి, సూదుల్లాంటి ట్రెమొలైట్ ఉందని కంపెనీ పని ఇచ్చిన ప్రయోగశాలే 1957, 58లలో రాసింది. అప్పటికి ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన రోజులు 1971లో వచ్చాయి. ఆ ఏడాది బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో హెండర్సన్ బృందం 13 అండాశయ కణుతులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పదింటిలో టాల్కు రేణువులు కనిపించాయి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ శాస్త్రవేత్తలేమో దుకాణాల్లో దొరికే పౌడర్లలో రాతినార ఉందంటున్నారు. అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కదిలింది. పౌడర్లో ఎంత నార ఉంటే తప్పు, దాన్ని ఏ పద్ధతిలో వెతకాలి అన్న రెండు ప్రశ్నలు బల్ల మీదికొచ్చాయి.

నా దృష్టిలో ఈ కథంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే మలుపు తిరిగింది. పౌడర్‌ను ఎక్స్‌రే యంత్రంలో పెడితే ఒక్కో ఖనిజానికి ఒక్కో గీత శిఖరంలా లేస్తుంది. టాల్కు శిఖరం ఆకాశమంత ఉంటుంది. దాని పక్కన రాతినార శిఖరం చీమంత. మోతాదు తక్కువైతే ఆ చీమ కాగితం అడుగున ఉండే గజిబిజిలో కలిసిపోతుంది. సౌందర్య సాధనాల తయారీదార్ల సంఘం 1976లో తనకు తానుగా పెట్టుకున్న ప్రమాణంలో ఈ ఎక్స్‌రే పద్ధతినే ఎంచుకుంది. దాని చూపు అరశాతం దగ్గర ఆగిపోతుంది. అంటే వంద గ్రాముల డబ్బాలో దాదాపు అర గ్రాము నార ఉన్నా ‘కనబడలేదు’ అనే రాయొచ్చు. నార కంటికి ఆనదు కనుక అర గ్రామంటే కోట్ల కోట్ల పోగులు. దీనికన్నా చురుకైన దారులు అప్పటికే ఉన్నాయి. టాల్కును బరువైన ద్రవంలో కలిపి గిర్రున తిప్పితే ట్రెమొలైట్ లాంటి బరువు ఖనిజాలు అడుగుకు చేరతాయి. ఆ మడ్డిని మాత్రం తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడొచ్చు. కంపెనీకి ఈ పద్ధతి 1970లలోనే తెలుసు. పరిశ్రమ ప్రమాణంలోకి మాత్రం అది ఎక్కలేదు. ఎఫ్‌డీఏ సైతం సొంతంగా నిబంధన పెట్టకుండా, పరిశ్రమ మాట మీద వదిలేసింది.

1972, 1975 మధ్య మూడు వేర్వేరు ప్రయోగశాలలు కంపెనీ టాల్కులో రాతినార చూశాయనీ, ఆ సంగతి ఎఫ్‌డీఏకి చెప్పలేదనీ తర్వాత బయటపడ్డ కాగితాలు చెబుతున్నాయి. ఆ ఫలితాలు పొరపాట్లనీ, మచ్చుకు ఒకటీ అరా ఏరి చూపిస్తున్నారనీ కంపెనీ వాదన. తమ పౌడర్ సురక్షితమేనని నేటికీ అంటోంది.

ఈలోగా వైద్యం వైపు నుంచి రెండో పాయ కదిలింది. 1982లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ క్రేమర్ అండాశయ క్యాన్సర్ వచ్చిన 215 మందినీ, రాని 215 మందినీ పోల్చాడు. జననాంగాల దగ్గర పౌడర్ వాడిన ఆడవాళ్లలో ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. కంపెనీ డాక్టరు ఒకాయన వచ్చి కలిస్తే, డబ్బా మీద హెచ్చరిక వేయమని క్రేమర్ సలహా ఇచ్చాడు. వాళ్లు వేయలేదు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ అలాంటి వాడకాన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో చేర్చింది.

అప్పుడు కోర్టు కథ మళ్లీ మొదలైంది, ఈసారి సౌత్ డకోటాలో. అండాశయ క్యాన్సర్ వచ్చిన ఒకావిడ 2009లో దావా వేసింది. 13 లక్షల డాలర్లిస్తాం, రాజీకి రమ్మంది కంపెనీ. కానీ నోరు మెదపకూడదన్న షరతు పెట్టింది. ఆవిడ కుదరదంది. 2013లో జ్యూరీ ఇచ్చిన తీర్పు విచిత్రమైంది: కంపెనీ హెచ్చరించకపోవడం నిర్లక్ష్యమే, పరిహారం మాత్రం సున్నా. గెలిచీ చేతికి పైసా రాలేదు. కానీ నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత ఖరీదైన తీర్పు అదే. నోరు కట్టేసుకోనన్న ఆ ఒక్క మనిషి వల్ల, జ్యూరీని ఒప్పించవచ్చని దేశంలోని లాయర్లందరికీ తెలిసిపోయింది.

2016లో సెయింట్ లూయిస్ జ్యూరీ ఒక మృతురాలి కుటుంబానికి 7.2 కోట్ల డాలర్లు ఇమ్మంది. పై కోర్టు కొట్టేసింది. వేరే రాష్ట్రం మనిషి ఇక్కడ కేసు వేయకూడదన్నది కారణం, పౌడర్ మంచిచెడ్డలు కాదు. అసలు దెబ్బ 2018 జులైలో పడింది. అదే సెయింట్ లూయిస్‌లో 22 మంది ఆడవాళ్ల తరఫున మార్క్ లానియర్ అనే లాయరు వాదించాడు. అంతకు ముందు కేసుల్లో టాల్కే తప్పు అన్నారు. ఇతను మాత్రం టాల్కులోని రాతినార మీద పడ్డాడు. జ్యూరీ 469 కోట్ల డాలర్లు ఇవ్వమంది. అప్పీలులో అది 212 కోట్లకు తగ్గింది. 2021లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నాక వడ్డీతో కలిపి కంపెనీ కట్టింది కూడా.

అమెరికా సివిల్ కేసుల్లో ఎదుటి పక్షం కాగితాలు తెప్పించుకునే హక్కు గట్టిది. మెమోలు, ల్యాబ్ రిపోర్టులు, ఉత్తరాలు అన్నీ బయటికి రావాల్సిందే. 1999లో టెక్సాస్ లాయరుకు దక్కనివి ఇప్పుడు పెట్టెలకొద్దీ వచ్చాయి. 2018 డిసెంబరు 14న రాయిటర్స్ విలేకరి లిసా గిరియన్ వాటిని ఆధారం చేసుకుని పెద్ద కథనం రాసింది. ఆ ఒక్క రోజులో కంపెనీ షేరు పదిశాతం పడిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఎఫ్‌డీఏ ఆన్‌లైన్‌లో కొన్న ఒక డబ్బాలో క్రైసొటైల్ జాడ దొరికింది, 0.00002 శాతం. కంపెనీ 33 వేల డబ్బాలు వెనక్కి పిలిచింది. అరశాతం దగ్గర ఆగిపోయే చూపుకు ఈ మోతాదు కనబడే ప్రసక్తే లేదని వేరే చెప్పక్కర్లేదు. 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా టాల్కు ఆపేసి మొక్కజొన్న పిండి పౌడర్‌కే పరిమితమైంది. అమ్మకాలు తగ్గాయి కనుకనే ఆపామంది గానీ, తప్పు ఒప్పుకోలేదు.

ఆ తర్వాతిది లాయర్ల తెలివితేటల కథ. 2021 అక్టోబరులో కంపెనీ ఎల్‌టీఎల్ మేనేజ్‌మెంట్ అని ఓ పిల్ల సంస్థను పుట్టించి, టాల్కు కేసుల భారమంతా దాని నెత్తిన పెట్టి, రెండు రోజుల్లో దాని చేత దివాలా పిటిషన్ వేయించింది. అప్పటికి కేసులు 38 వేల పైచిలుకు. దివాలా కోర్టుకు వెళితే జ్యూరీలు ఉండవు, కేసులన్నీ అక్కడే ఆగిపోతాయి. 2023 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. తల్లి కంపెనీ 6,150 కోట్ల డాలర్ల దాకా అండగా ఉంటానని రాసిచ్చింది కదా, ఇక నీకు దివాలా ఎక్కడిది అంది. 890 కోట్లిస్తామంటూ మళ్లీ వేస్తే అదీ పోయింది. మూడోసారి పేరు మార్చి, రెడ్ రివర్ టాల్క్ అని, హ్యూస్టన్‌లో వేస్తే 2025 మార్చి 31న అక్కడి జడ్జి బాధితుల ఓట్లు సేకరించిన తీరే సరిగా లేదని తోసిపుచ్చాడు. దాంతో కేసులు మళ్లీ జ్యూరీల ముందుకే వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ మీసోథెలియోమాతో పోయిన ఒక వృద్ధురాలి కుటుంబానికి 96.6 కోట్ల డాలర్లు ఇవ్వమంది. కంపెనీ అప్పీలుకు వెళ్తానంది.

సైన్సు తేల్చేసిందా అంటే, సగమే తేల్చింది. రాతినార మీసోథెలియోమా తెస్తుందన్న దానిలో వివాదం లేదు. అండాశయ క్యాన్సర్ దగ్గరే చిక్కు. రెండున్నర లక్షల మంది ఆడవాళ్ల లెక్కలు కలిపి 2020లో చూస్తే గట్టి సంబంధం కనబడలేదు. ముప్పు ఏదైనా ఉంటే చాలా చిన్నది. క్యాన్సర్ వచ్చినవాళ్లు, అందులోనూ టీవీలో ఈ కేసుల గురించి విన్నవాళ్లు, పౌడర్ వాడకాన్ని ఎక్కువ చేసి గుర్తు చేసుకుంటారన్న అనుమానమూ ఉంది. అయినా 2024లో ఐఏఆర్‌సీ టాల్కును ఒక మెట్టు పైకెక్కించి, ‘బహుశా క్యాన్సర్ కారకమే’ అంది. జ్యూరీ తీర్పు విని సైన్సు తేలిపోయిందనుకోవడం ఎంత తొందరపాటో, సైన్సు తేలలేదు కనుక కంపెనీ కాగితాలు దాచడం తప్పు కాదనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

మన దేశంలో 2018 డిసెంబరులో రాయిటర్స్ కథనం రాగానే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు హిమాచల్‌లోని బద్ది, ముంబైలోని ములుంద్ ప్లాంట్ల నుంచి మచ్చులు తీశారు. రాతినార కనబడలేదన్నాక, ఈలోగా ఆగిన ఉత్పత్తి 2019 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. 2022లో మహారాష్ట్ర అధికారులు ములుంద్ లైసెన్సు రద్దు చేశారు. చాలామంది దీన్ని క్యాన్సర్ గొడవతో కలిపి చదువుకున్నారు గానీ అది పీహెచ్ హెచ్చుతగ్గుల వ్యవహారం. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

అమెరికాలో పౌడర్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తప్పనిసరిగా పరీక్షించాలన్న నిబంధనను ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది, 2025 నవంబరులో వెనక్కి తీసుకుంది. మన అంగళ్లలో మిగతా కంపెనీల టాల్కం పౌడర్లు ఎప్పటిలాగే అమ్ముడవుతున్నాయి. కొనేముందు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టీ చదవండి: టాల్కు ఉంటే టాల్కనీ, మొక్కజొన్న పిండి ఉంటే కార్న్ స్టార్చ్ అనీ ఉంటుంది. ఏది వాడినా పసిబిడ్డ ముఖం దగ్గర మాత్రం డబ్బా దులపకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.