వితండవాదం అన్నది తిట్టు కాదు, టెక్నికల్ టర్మ్! | తర్కం కథ

ఈరోజు కథ మా ఇంట్లో మొదలవుతుంది.

రెండేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పాను. నాన్న ఒకటే అడిగారు, "ఇంటి లోన్ ఈఎంఐ ఎవరు కడతార్రా?" అని. నేనేమన్నానో తెలుసా? "మీ కాలం వేరు నాన్నా. మా ఫ్రెండ్ కూడా మానేశాడు, హ్యాపీగా ఉన్నాడు కదా." నాన్న ప్లేటు పక్కన పెట్టి, "వితండవాదం చేయకు" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ మాట మనందరం తిట్టులాగే వాడతాం. అసలు అది ఎక్కడిదంటే, గౌతముడి న్యాయసూత్రాల్లోది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి పుస్తకం అది. తర్కం నేర్చుకునేవాడికి తెలియాల్సిన 16 విషయాలని మొదట్లోనే లిస్ట్ ఇస్తాడాయన. అందులో వాదం, జల్పం, వితండ అని మూడున్నాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే వాదం. గెలవడమే పనిగా పెట్టుకుని, మాటల మెలికలు కూడా వాడితే జల్పం. ఇక తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టుకోకుండా, ఎదుటివాడు చెప్పిందల్లా కొట్టేస్తూ పోవడమే వితండ.

ఈ మెలికల్లో ఒకదాని పేరు ఛలం. సూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు దీనికి భలే ఉదాహరణ ఇచ్చాడు. "ఈ కుర్రాడు నవ కంబళం కప్పుకున్నాడు" అని ఒకడంటాడు, కొత్త కంబళి అని వాడి ఉద్దేశం. రెండోవాడు వెంటనే, "తొమ్మిదెక్కడున్నాయి, ఒక్కటేగా ఉంది?" అంటాడు. నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది. టీవీ డిబేట్లు అప్పటికే ఉన్నాయన్నమాట!

సరే, బ్యాంక్ ఎగ్జామ్స్ రాసేవాళ్ళకి తెలిసిన లెక్కలోకి వద్దాం. స్టేట్‌మెంట్ ఇచ్చి, కింద రెండు ఆర్గ్యుమెంట్స్ ఇచ్చి, ఏది స్ట్రాంగ్, ఏది వీక్ అని అడుగుతారు కదా. ఉదాహరణకి, క్లాస్‌రూముల్లో మొబైల్ బ్యాన్ చేయాలా? "అవును, పాఠం జరుగుతుంటే ధ్యాస పోతుంది" అంటే స్ట్రాంగ్. విషయానికి నేరుగా తగిలింది, విషయం కూడా పెద్దదే. "అవును, ఫోన్ వాడేవాళ్ళు ఫెయిలవుతారు" అంటే వీక్. ఎందుకంటే ఫోన్ వాడే టాపర్లు ఉన్నారు.

ఈ రెండో రకానికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టేశారు. చూడ్డానికి హేతువులా ఉంటుంది, కానీ హేతువు కాదు, కాబట్టి హేత్వాభాసం. వీటిని అందరికీ అర్థమయ్యేలా సర్దిపెట్టింది మన తెలుగాయనే, 17వ శతాబ్దపు అన్నంభట్టు. ఆయన తర్కసంగ్రహం చిన్న పుస్తకం. పిల్లలకి సులువుగా అర్థం కావాలని రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. దానికి దీపిక అని వ్యాఖ్యానం కూడా తనే రాశాడు. కోడ్ రాసినవాడే డాక్యుమెంటేషన్ కూడా రాశాడన్నమాట, నేనైతే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ పని చేయలేదు. న్యాయం చదివేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు.

ఆయన చెప్పిన హేత్వాభాసాలు ఐదు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. హేతువు ఉన్నా సాధించాల్సింది లేని చోటు దొరికితే సవ్యభిచారం. పైన చెప్పిన ఫోను, ఫెయిలు కేసు అదే. హేతువు మన మాటకే ఎదురు తిరిగితే విరుద్ధం. "శబ్దం నిత్యం, ఎందుకంటే అది పుట్టింది" అంటే ఎలా? పుట్టిందంటేనే పోతుందని కదా! మిగతావి ఇంకోసారి చూద్దాం కానీ, అసిద్ధంలో ఒక్క ముక్క మాత్రం నన్ను పట్టుకుంది.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు. ఇది తర్కంలో పాత ఉదాహరణ. మరి తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది అనొచ్చా? కుదరదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పు చాలదు, కట్టె పచ్చిగా ఉండాలి. ఈ దాక్కున్న షరతుకి ఉపాధి అని పేరు. మనకి ఉపాధి అంటే ఉద్యోగం, ఉపాధి హామీ గుర్తొస్తాయి గానీ, తర్కంలో అర్థం వేరు.

ఇది చదివిన రోజు ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. "మా ఫ్రెండ్ మానేశాడు, హ్యాపీగా ఉన్నాడు" అన్నానా? వాడికి రెండు ఫ్లోర్ల అద్దె వస్తుంది. నా వాదంలో పచ్చి కట్టె అదే. నాన్నకి ఆ సంగతి తెలుసు కూడా, అయినా అనలేదు.

ఎగ్జామ్ రాసేవాళ్ళు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అక్కడ సాధారణంగా ఆర్గ్యుమెంట్‌లో చెప్పింది నిజమే అనుకుని, అది ప్రశ్నకి తగులుతుందా, ఎంత ముఖ్యం అనేది చూడమంటారు. నైయాయికులు అలా వదలరు. హేతువు నిజంగా అక్కడ ఉందా అని ముందు అడుగుతారు. ఆకాశంలో పూసిన తామరకి వాసన ఉంటుంది, చెరువు తామరలాగే అన్నావనుకో, ఆకాశంలో తామరే లేదు పొమ్మంటారు. పరీక్ష హాల్లో ఈ పద్ధతి వాడితే మార్కులు పోతాయి. ఇంట్లో ఫార్వర్డ్ మెసేజ్‌ల మీద మాత్రం వాడండి.

ఇంకో మాట. నాన్న వాడిన పదం టెక్నికల్‌గా తప్పే. నాకంటూ ఒక పక్షం ఉంది, ఉద్యోగం మానేయాలని. కాబట్టి నేను చేసింది వితండ కాదు, జల్పం. ఈ పాయింట్ నాన్నకి ఇంకా చెప్పలేదు. ఎందుకంటే మొదటి ఎనిమిది నెలల ఈఎంఐ ఆయనే కట్టారు.

నిజంగా తనకే పక్షమూ లేదని పైకే ప్రకటించినవాడు ఒకాయనున్నాడు, నాగార్జునుడు. నాగార్జునకొండకి ఆయన పేరే పెట్టారు. నైయాయికులకి ఆయనంటే ఎందుకంత కోపమో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.