పొలిమేర దాటని పల్లె



షోమ్రోను పట్టణము ముట్టడిలో చిక్కి ఆకలితో అలమటించినప్పుడు, దానిని బ్రదికించు వార్త తెచ్చినవారెవరు? గవినియొద్ద కూర్చుండిన నలుగురు కుష్ఠరోగులు. మొదట వారును తమ కడుపు నింపుకొని, దొరికిన వెండి బంగారములను దాచుకొనిరి. పిమ్మట మనస్సాక్షి గద్దింపగా తిరిగి వచ్చి పట్టణమునకు తెలియజేసిరి. రెండవ రాజుల గ్రంథము 7వ అధ్యాయములో ఈ సంగతి యున్నది. ఆపద వేళ దేవుడు వాడుకొను వీరులు తఱచుగా ఇట్టి సామాన్యులే. అట్టివారితో నిండిన యొక పల్లెను గూర్చి యీ నెల తలంచుకొందము.

ఇంగ్లాండు దేశమున డర్బీషైరు కొండలలో ఈమ్ అను చిన్న గ్రామము కలదు. లండను పట్టణములో ప్లేగు ప్రబలిన 1665వ సంవత్సరమున, ఆ పట్టణమునుండి ఈ గ్రామపు దర్జీ యింటికి బట్టల మూట యొకటి వచ్చెను. బట్టలు చెమ్మగా నుండుటచేత, అక్కడ పనిచేయు జార్జి వికర్స్ అనునతడు వాటిని నిప్పుదగ్గర ఆరవేసెనని చెప్పుదురు. కొలది దినములలోనే అతడు జబ్బుపడి చనిపోయెను. సెప్టెంబరు 7వ తేదీన అతనిని పాతిపెట్టిరి. ఎలుకల మీది మిన్నల్లులు ఈ తెగులును మోయునని ఆనాడు ఎవరికిని తెలియదు. ఆ సంగతిని 1898లో కరాచీ పట్టణమున సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను.

చలికాలమున తెగులు కొంత తగ్గెను గాని, 1666 జూను నెలలో మరల విజృంభించెను. జనులు మూటలు కట్టుకొని పారిపోవ నాలోచించుచుండిరి. గ్రామ గురువు విలియం మాంపెసన్ అప్పటికి ముప్పది యేండ్లు నిండనివాడు, ఊరికి క్రొత్తవాడు. జనులకు ఆయనపై అంతగా నమ్మకము లేదు. ఆయనకు ముందుండిన బోధకుడు థామస్ స్టాన్లీ, సంఘపు ప్రార్థన పుస్తకపు ఆచారమును అంగీకరింపనందున పదవి పోగొట్టుకొనినను, ఆ యూరివారి ప్రేమను పోగొట్టుకొనలేదు. ఇరువురును ఎదురెదురు పక్షములవారు. అయినను ఆ దినమున వారిరువురు ఒక్కటై జనులయెదుట నిలిచిరి. మనము పారిపోయినచో తెగులును మనతోకూడ పొరుగూళ్లకు మోసికొనిపోవుదుము, కాబట్టి ఇచ్చటనే యుందమని వారిని ఒప్పించిరి.

గ్రామస్థులు మూడు కట్టుబాట్లు చేసికొనిరి. ఎవరి మృతులను వారే తమ యిండ్లదగ్గర పాతిపెట్టుకొనవలెను. దేవాలయములో గుమిగూడక, కక్లెట్ డెల్ఫ్ అను లోయలో ఆరుబయట కుటుంబములు ఎడమెడముగా నిలిచి ఆరాధింపవలెను. ఊరి పొలిమేరను ఎవరును దాటరాదు. చాట్స్‌వర్త్ ప్రభువైన డెవన్‌షైరు జమీందారు వారికి ఆహారము పంపుటకు ఒప్పుకొనెను. పొరుగూళ్లవారు ఆహారమును పొలిమేర రాతివద్దను, ఊటబావివద్దను ఉంచి పోవుచుండిరి. గ్రామస్థులు రాతిగుంటలలో పులికాడి పోసి, అందు నాణెములు వేసి సొమ్ము చెల్లించుచుండిరి.

ఆ కట్టుబాటుకు వారు చెల్లించిన వెల గొప్పది. ఎలిజబెత్ హాంకాక్ అను రైతు భార్య ఆగస్టు నెలలో ఎనిమిది దినములలో తన భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పొలములో పాతిపెట్టెను. మాంపెసన్ తన యిద్దరు బిడ్డలను ముందుగానే బంధువులయొద్దకు పంపివేసినను, ఆయన భార్య కేథరిన్ మాత్రము భర్తను విడిచి పోనొల్లక, రోగులను పరామర్శించుచు, ఆ ఆగస్టులోనే మృతినొందెను. నవంబరు 1వ తేదీతో మరణములు ఆగెను. అప్పటికి సుమారు 260 మంది చనిపోయిరి. తెగులు చుట్టుపట్ల గ్రామములలో ప్రబలలేదు.

సత్యమును దాచరాదు. ఆ యూరివారందరును పరిశుద్ధులని చెప్పలేము. కలిగినవారిలో కొందరు ముందే వెళ్లిపోయిరి. పోవుటకు చోటులేక నిలిచినవారును ఉండియుందురు. ఊరు మూసికొనుటవలన లోపలి మరణములు పెరిగెనేమోయని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. అయినను వారు వెలుపలివారికొరకు నిలిచిరనుటలో సందేహములేదు. ఆ నిలుకడ ఒక్కనాటి సాహసము కాదు. నేడు సంతకు పోను, నేడు చెల్లెలి యూరికి పోను అని ప్రతి ఉదయమును చేసికొనిన చిన్న తీర్మానము. అట్టి తీర్మానములు కలిసియే వారిని వీరులనుగా చేసెను.

2020లో కరోనా తెగులు వచ్చినప్పుడు మన పల్లెలలో అనేకచోట్ల దారులకు ముళ్లకంప అడ్డము వేసితిమి. అది తప్పని యనను, భయము మానవసహజము. అయితే ఆ కంప ఎవరికొరకు? బయటివారు లోపలికి రాకుండుటకు. పట్టణములనుండి కాలినడకను ఇంటికి చేరిన మన కూలి సోదరులు కొందరు తమ సొంత ఊరి వెలుపలనే నిలువవలసి వచ్చెను. ఈమ్ గ్రామస్థుల రాయి ఎవరికొరకు? తాము బయటికి పోకుండుటకు. రెండును పొలిమేర గురుతులే. ఒకటి నన్ను కాపాడుకొనుటకు, రెండవది నా పొరుగువానిని కాపాడుటకు. మన ప్రభువు ఏ గురుతునొద్ద నిలిచియుండునో మీరే యోచించుడి. గవిని వెలుపల శ్రమపడినవాడు ఆయనయే.

నేటికిని ఆగస్టు చివరి ఆదివారమున ఆ లోయలో కూడి ఆరాధించు వాడుక యున్నది. మన సంఘములలో ఒకే యూరిలో రెండు పక్షములై, ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కనివారు లేరా? ఆపద వచ్చినప్పుడు కలిసికొందమని కాచుకొనియుండకుడి. వరద గాని, తెగులు గాని, అగ్ని గాని మన గుమ్మమునకు ఎప్పుడు వచ్చునో యెరుగము. ఈ వారమే ఒక జబ్బుపడినవాని యింటికి గంజి పంపుడి, మాటలాడని సహోదరుని పలుకరించుడి. చిన్నవాటియందు అలవాటుపడిన చేతులే ఆ దినమున నిలుచును.

ప్రభువా, మా భయము మా పొరుగువానికి ముల్లు కాకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.