చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగపు పలకలో మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే, 64 గళ్ళకు చేరే మొత్తం 18446744073709551615. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూని ఈ సంఖ్యను లెక్కగట్టాడు. తెలుగులో ఇది పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో కనిపిస్తుంది. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని ‘గణితసార సంగ్రహా’న్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు మల్లన.

పద్యంలో అంకెలు లేవు, మాటలే ఉన్నాయి. చంద్రుడంటే 1, శరమంటే 5, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమవైపుకు పేర్చుకుంటూ పోవాలి. తాటాకు మీద ఒక అంకె చెదిరితే పోల్చుకోవడం కష్టం; పద్యంలో మాట మారితే తరచుగా గణభంగమో యతిభంగమో పట్టిస్తుంది.

అయితే ఛందస్సు కాపాడేది మాటనే, దాని విలువను కాదు. ఈ పద్యంలో సముద్రవాచకాలు రెండు చోట్ల వస్తాయి. సముద్రాలు నాలుగా, ఏడా? సంఖ్యాసంకేతాలలో నాలుగనడం వాడుక. పురాణాలు చదివినవారికి సప్తసముద్రాలు గుర్తుకొస్తాయి. ఈ సందేహాన్ని సంఖ్యే తీర్చగలదు.

రెండును వరుసగా ఆరుసార్లు వర్గం చేస్తే 4, 16, 256, 65536, 4294967296, చివరకు మన సంఖ్యకన్నా ఒకటి ఎక్కువైన సంఖ్య వస్తాయి. ఒక వర్గంలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేది, దాని మూలానికి ఒకటి కలిపిన సంఖ్యకూ ఒకటి తగ్గించిన సంఖ్యకూ లబ్ధం. ఈ సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ ప్రయోగిస్తే మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధంగా విడిపోతుంది.

ఒక సముద్రాన్ని ఏడుగా చదివామనుకుందాం. అంకెల మొత్తం 87కు బదులు 90 అవుతుంది. రెండూ మూడుతో భాగింపబడేవే కనుక ఆ పరీక్షకు తప్పు దొరకదు. 17తో భాగిస్తే మాత్రం శేషం మిగులుతుంది. ఏ ఒక్క అంకె మారినా అంతే: ఆ తేడా 1 నుంచి 9 లోపు అంకెను పది ఘాతంతో గుణించినది, దానిని 17 ఎన్నడూ నిశ్శేషంగా భాగించదు.

ఆ ఆరింటిలో చివరిదానికి వేరే కథ ఉంది. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫెర్మా భావించాడు. 4294967297ను 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. నేడు మన కంప్యూటర్లలో, ఋణసంఖ్యలకు చోటివ్వకుండా 64 బిట్లలో ఇమిడే అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే. 641 దానిలో మొదటినుంచీ ఉంది. పద్యాన్ని వల్లె వేసిన ప్రతివారూ, తెలియకుండానే, దానినీ మోసుకొచ్చారు.