షాఫ్టు స్థానం (గోల్ఫ్ క్లబ్)

గోల్ఫ్ క్లబ్బులో షాఫ్టు హెడ్‌ను ఎక్కడ కలుస్తుందన్నదాన్ని బట్టి, స్వింగులో ఫేస్ (బంతిని తాకే ముఖం) తెరుచుకునే, మూసుకునే తీరు చాలావరకు తేలిపోతుంది. బంతి తొలి దిశ ప్రధానంగా ఫేస్ చూసే వైపే. క్లబ్బు బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు 2,000వ వంతు కాబట్టి ఆ క్షణంలో చేతులతో దిద్దుకునే వీలు లేదు.

హెడ్ గరిమనాభి షాఫ్టు అక్షానికి పక్కగా ఉంటుంది. ఆ ఎడం పెరిగేకొద్దీ ఫేస్‌ను తిప్పడం కష్టమవుతుంది. నియమాల ప్రకారం పుట్టర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బు) మినహా మిగతా క్లబ్బుల్లో షాఫ్టు హీల్ (హెడ్‌లో ఆటగాడి వైపు కొస) దగ్గరే ఉండాలి. దాని అక్షం నుంచి హీల్ వెనుక అంచుకు దూరం 16 మి.మీ. మించరాదు. అందుకని తయారీదార్లు ఫేస్‌ను షాఫ్టు కంటే కాస్త వెనక్కి జరిపి ‘ఆఫ్‌సెట్’ ఇస్తారు. దీనితో కుడిచేతి వాటం ఆటగాళ్ల బంతి కుడికి వంగిపోవడం కొంత తగ్గుతుందంటారు. ఫేస్ మూసుకోవడానికి అదనపు సమయం దొరకడమే కారణమని వాడుకలో ఉన్న వివరణ. గరిమనాభి వెనక్కి జరగడం కూడా అంతే ముఖ్యమనిపిస్తుంది.

పుట్టర్‌కు ఈ కట్టడి లేకపోవడంతో షాఫ్టు స్థానంపై ప్రయోగాలు ఎక్కువగా అక్కడే జరిగాయి. జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగి ఆర్థర్ నైట్ రూపొందించిన ‘షెనెక్టడీ’ పుట్టర్‌లో షాఫ్టు దాదాపు హెడ్ నడిమికి వస్తుంది. దానితోనే అమెరికన్ వాల్టర్ ట్రావిస్ 1904లో బ్రిటిష్ అమెచ్యూర్ టోర్నీ గెలిచాడు. ఆ ఓటమి ఉక్రోషంతోనే బ్రిటన్ దాన్ని నిషేధించిందన్న కథ ప్రచారంలో ఉంది. అయితే నిషేధం వచ్చింది 1910 ప్రాంతంలో. క్రోకే ఆట సుత్తి వంటి పుట్టర్ చెల్లుతుందా అని న్యూజీలాండ్ క్లబ్బు ఒకటి అడిగిన ప్రశ్నే దానికి దారితీసిందన్న కథనం తేదీలకు బాగా పొసుగుతుంది. అమెరికా ఆ నిషేధాన్ని పాటించలేదు. 1950ల తొలినాళ్లలో ఉమ్మడి నియమాలు వచ్చాక అది తొలగింది.

షాఫ్టు స్థానాన్ని బట్టి మారే పుట్టర్ స్వభావం తెలుసుకోవడం సులువు. షాఫ్టును అడ్డంగా వేలిపై నిలిపినప్పుడు ఫేస్ ఆకాశం వైపు చూస్తే అది ‘ఫేస్ బ్యాలెన్స్‌డ్’; టో (హీల్‌కు అవతలి కొస) కిందికి వాలితే ‘టో హ్యాంగ్’. మొదటిది తిన్నగా ఆడే స్ట్రోకుకు, రెండోది వంపు స్ట్రోకుకు నప్పుతుందని సాధారణ సలహా. ఇది కచ్చితమైన సూత్రమేమీ కాదు. స్ట్రోకులో ఫేస్ తనంతట తిరగకుండా షాఫ్టును అమర్చిన కొత్త రకం పుట్టర్‌తో జె.జె. స్పాన్ 2025 యు.ఎస్. ఓపెన్ గెలిచాడు.

జనరల్ ఎలక్ట్రిక్‌లోనే ఇంజనీరుగా ఉన్న కార్స్టన్ సోల్‌హైమ్ 1959లో హీల్, టోలకు బరువు పంచిన ‘పింగ్ 1ఎ’ను, 1966లో షాఫ్టును హెడ్‌కు కలిపే మెలిక మెడతో ‘ఆన్సర్’ను తెచ్చాడు. నేటి పుట్టర్లలో ఎక్కువగా అనుకరణకు గురైన నమూనా ఆన్సరే. హైదరాబాదు నుంచి వలస వెళ్లిన తెలుగు దంపతుల కుమారుడు, 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచింది సోల్‌హైమ్ స్థాపించిన పింగ్ సంస్థ క్లబ్బులతోనే.